నా బండి ఆయిలు ఎక్కణ్ణుంచి కారింది?

మా అత్తారింటి వాళ్లంతా మిరపకాయల కల్లంలో గుమిగూడి, చేతులు మోకాళ్లమీద పెట్టుకుని, నా బండి కిందికి వంగి చూసిన రోజు ఒకటుంది. నా జీవితంలో అంతమంది నా బండిని అంత శ్రద్ధగా చూసింది అదొక్కసారే. ఆ రోజు సంగతే చెప్పబోతున్నాను. నవ్వొస్తే ఆపుకోకండి, మా ఇంట్లో కూడా ఎవరూ ఆపుకోలేదు.

ముందు నా రోగం చెప్పాలి, బండి రోగం తర్వాత. నా రోగం పేరు సాంబశివరావు.

సాంబ నా తోడల్లుడు, అంటే నా భార్య విజయ చెల్లెలి మొగుడు. నాకంటే ఏడేళ్లు చిన్న. సత్తెనపల్లిలో డీజిలు బళ్లు బాగుచేసే షెడ్డు ఉంది వాడికి. ఇంజను శబ్దం ఫోన్లో వినిపిస్తే చాలు, "మూడో ఇంజెక్టరు చూడండి" అంటాడు. చూస్తే మూడోదే పోయి ఉంటుంది. అదే నా బాధ. ఒక్కసారి, ఒకే ఒక్కసారి వాడు తప్పు చెప్పి ఉంటే నేను వాణ్ణి సొంత తమ్ముడికంటే ఎక్కువ ప్రేమించి ఉండేవాణ్ణి.

వాడు రాకముందు నాలుగేళ్లపాటు ఆ ఇంటికి నేనొక్కణ్ణే అల్లుణ్ణి. కోడికూర వండితే కందనకాయ నా విస్తట్లోనే పడేది. వాడొచ్చాక కందనకాయ రెండు ముక్కలయింది. "సమానంగానే కోసింది మా అమ్మ" అంటుంది విజయ. నేను ఇప్పటికీ ఒప్పుకోను. వాడి ముక్క పెద్దది, నేను చూశాను.

ఇక బండి. పిడుగురాళ్ల సున్నం బట్టీల దగ్గర చాకిరీ చేసి చేసి ముసలిదైన డీజిలు వ్యాను అది. నేను కొన్నాక ఎన్నిసార్లు కడిగినా డోరు సందుల్లోంచి తెల్లటి పొడి రాలేది. ఇంజను డ్రైవరు సీటు కిందే ఉంటుంది. మార్చి నెలలో ఆ సీటుమీద కూర్చుంటే పొయ్యిమీద అట్టులా ఒక పక్కే కాలుతుంది మనిషి. అయినా సీజన్లో చుట్టుపక్కల రైతుల మిరప బస్తాలన్నీ ఆ బండిలోనే గుంటూరు యార్డుకి తోలేవాణ్ణి.

మా మామగారింట్లో ఒక ఆనవాయితీ ఉంది. కాయ కోసి, కల్లంలో ఎండబెట్టి, రంగు వెలిసిన తాలుకాయ ఏరి పక్కన పోసి, మంచికాయ బస్తాలకెత్తాక, యార్డుకి వెళ్లే మొదటి లోడు పెద్దల్లుడి బండిలోనే వెళ్లాలి. అత్తగారు బండికి పసుపు రాసి, బొట్టు పెట్టి, ముందు చక్రాల కింద నిమ్మకాయలు ఉంచుతారు. నేను వాటిని తొక్కించుకుంటూ, హారన్ కొట్టుకుంటూ ఊరి మధ్యనుంచి వెళతాను. ఆ పది నిమిషాలూ ఆ ఊరికి నేనే కలెక్టర్ని.

నేను చెప్పే ఏడాది సాంబ కూడా ఒక వ్యాను కొన్నాడు. కొత్తది. తెల్లగా, తలుపు వేస్తే చప్పుడు కూడా రాకుండా ఉండేది. దాన్ని చూసిన రోజు నాకు అన్నం సయించలేదు.

ఆ ఏడే ఇంకో ఘోరం జరిగింది. మామగారు మేడమీద గది వేసి పాలు పొంగించారు. అల్లుళ్లిద్దరికీ బట్టలు పెట్టారు. ప్యాంటూ చొక్కా ఇద్దరికీ ఒకటే రకం, నేను పక్కకెళ్లి గుడ్డ నలిపి మరీ చూశాను. కానీ పైన సాంబకి జరీ అంచు కండువా పెట్టారు. నాకు తువ్వాలు పెట్టారు! పిస్తా రంగు తువ్వాలు, ఒక మూలన దారంతో కుట్టిన మామిడిపిందె. వాడేమో కండువా భుజాన వేసుకుని పెళ్లిపెద్దలా తిరుగుతున్నాడు. నేను బావి దగ్గరికి బయల్దేరిన వాడిలా నిలబడ్డాను. ఆ తువ్వాలుకి ఎలాంటి మర్యాద చేయాలో అలాంటి మర్యాదే చేశాను. ఏం చేశానన్నది సమయమొచ్చినప్పుడు చెబుతాను, తొందరపడకండి.

మరో పదిహేను రోజులకి మామగారి వాకిట్లో బండి ఆపి కాఫీ తాగుతున్నాను. మామగారు నా బండి పక్కన నిలబడి నేలకేసి చూస్తున్నారు.

"ఏందయ్యా, నీ బండి కారుతున్నట్టుందే?"

"ఏసీ నీళ్లు మావయ్యా" అన్నాను, కప్పు దించకుండా.

"నీ బండికి ఏసీ ఎక్కడిదయ్యా?"

వెళ్లి చూశాను. కడిగి ముగ్గేసిన వాకిట్లో అరచేయంత నల్లటి మరక. నేను చూస్తుండగానే ఇంకో చుక్క పడింది.

"చూడు బాబూ" అన్నారు మామగారు. ఆయన కోపమొచ్చినప్పుడే బాబూ అంటారు. "కల్లం నిండా కాయ పరిచి ఉంది. ఒక్క చుక్క ఆయిలు పడిందా, ఆ వాసనకి కొనేవాడు బస్తాలో చెయ్యి కూడా పెట్టడు. ఏడాది కష్టం. ఆదివారం మొదటి లోడు ఎత్తాలి. ఈలోపు బాగుచేయించు. లేదంటే..."

ఆయన వేపచెట్టు నీడలో పెట్టిన సాంబ తెల్ల వ్యాను వైపు చూశారు. తర్వాత అన్నారు: "సాంబకి చూపించు."

మిగిలిన కాఫీ అక్కడే వదిలేసి బండెక్కాను. ఇంటికొచ్చేసరికి విజయ కూడా అదే పాట ఎత్తుకుంది.

"మరిదిగారికి ఒకసారి చూపించండి."

"వాడికెందుకు? పోయిన నెల ఆయిలు మార్చింది వాడే. అడుగు బోల్టు కావాలనే లూజుగా వదిలేసి ఉంటాడు."

"కావాలని ఎందుకు వదుల్తాడండీ?"

"మొదటి లోడు కొట్టెయ్యడానికి!"

విజయ నా నుదుటిమీద చెయ్యి పెట్టి చూసింది. "మీకు ఎండ తగిలింది. మజ్జిగ తాగండి" అని లోపలికి వెళ్లిపోయింది.

మజ్జిగ తాగి, బండి కింద దూరి బోల్టు చూశాను. బిగుతుగా ఉంది. నా బలమంతా పెట్టినా పావు మర కూడా తిరగలేదు. ఎంత నిరాశ కలిగిందో చెప్పలేను. బోల్టు లూజుగా ఉంటే బాగుండేదని మనసారా కోరుకున్న బండి యజమాని ప్రపంచంలో నేనొక్కణ్ణే అయ్యుంటాను.

అప్పుడు నిశ్చయించుకున్నాను, ఈ లీకు నేనే పట్టుకుంటానని. సాంబకి ఉన్నవి రెండు చేతులు, నాకు ఉన్నవీ రెండే. పైగా నా దగ్గర ఫోనుంది. ఫోన్లో ఒక పెద్దమనిషి వీడియో పెట్టాడు. కారిన ఆయిలు కిందికి జారుతుంది, బండి పరుగెత్తే గాలికి వెనక్కి పాకుతుంది, కాబట్టి అడుగున తడి చూసి మోసపోకండి అన్నాడు. ఇంజను శుభ్రంగా కడిగి, ఆరబెట్టి, పౌడరు చల్లి, కాసేపు తిప్పండి, పౌడరు అన్నిటికంటే పైన ఎక్కడ తడిసిందో లీకు అక్కడే ఉన్నట్టు అన్నాడు. బంగారం లాంటి మాట. ఆయన తప్పేమీ లేదు, ముందే చెబుతున్నాను.

సీటు ఎత్తి, డీజిలూ బ్రష్షూ పట్టుకుని ఇంజను తోమాను. సున్నమూ, మిరప గింజలూ, ఆయిలూ కలిసి పట్టిన పెచ్చులు రాలాయి. తోముతూ ఏడ్చాను, తుమ్మాను, మళ్లీ తోమాను. తర్వాత ఇంట్లోంచి విజయ పౌడరు డబ్బా తెచ్చి ఒక్క చిటికెడు మిగలకుండా చల్లాను.

"నా పౌడరు డబ్బా ఏదండీ?" ఇంట్లోంచి కేక.

"పనిలో ఉంది."

"పౌడరుకి పనేందీ?" అంటూ బయటికొచ్చి, మల్లెపూల వాసన కొడుతున్న తెల్లటి ఇంజనుని చూసింది. "నాకెప్పుడైనా ఇంత ముద్దుగా రాశారా?" అంది. 

బండి ఊళ్లో నాలుగు రౌండ్లు తిప్పి చూశాను. పైన, ఇంజనుకి మూతలా ఉండే టాపెట్ కవరు అంచున పౌడరు తడిసి ముద్దయింది. దొరికింది దొంగ! ఆనందం పట్టలేక అక్కడే రెండు చిటికెలు వేశాను. స్పేరుపార్టులమ్మే మస్తాన్ దగ్గరికి పరుగెత్తాను. మస్తాన్ మా వీధి చివర ముప్పై ఏళ్లుగా కొట్టు నడుపుతున్నాడు. ఆ కొట్లో ఆయనకి తెలియని బోల్టు లేదు.

"టాపెట్ కవరు ప్యాకింగ్ ఇవ్వు మస్తాన్."

"ఇస్తాగానీ, సాంబకి చూపించావా అన్నా?"

నేను ఆ ప్యాకింగు, అంటే కవరు అతుకులో పెట్టే పట్టీ, తీసుకొచ్చి వేశాను. నిజంగా బాగానే వేశాను. టాపెట్ కవరు ఎండిపోయింది. మర్నాడు ఆయిలు ఫిల్టరు మొదట్లోంచి కారింది. మస్తాన్ దగ్గరికి మళ్లీ వెళ్లి రబ్బరు రింగు తెచ్చాను. ఆ మర్నాడు డీజిలు పంపు అతుకు దగ్గర కారింది. నేను ఒకచోట మూస్తే ఇంకోచోట తెరుచుకుంటోంది. అది ఇంజనులా లేదు, పగబట్టిన మనిషిలా ఉంది.

మూడోసారి వెళ్లేసరికి మస్తాన్ కళ్లజోడు తీసి బల్లమీద పెట్టాడు.

"అన్నా, మొన్న పైన, నిన్న పక్కన, ఇవాళ ఇంకోపక్కన. అన్ని ప్యాకింగులూ ఒకే వారంలో చచ్చిపోవు. లోపల గాలి ఎక్కడో బిగబట్టినట్టుంది. ఊపిరి వదిలే గొట్టం ఉంటది చూడు, అది ఒకసారి..."

వినాల్సిన మాట. వినేవాణ్ణే. కానీ ఆయన అక్కడ ఆగకుండా, "సాంబైతే చెయ్యి పెట్టగానే చెప్పేస్తాడు" అని కలిపాడు. ఆ పేరు వినగానే నా చెవులు మూతపడ్డాయి.

"నువ్వు ప్యాకింగులమ్ము మస్తాన్, సలహాలొద్దు" అన్నాను. ప్యాకింగులకి పూసే పేస్టు ట్యూబులు ఆరు కొన్నాను.

శనివారమంతా ఇంజనుకి ఆ పేస్టు పూశాను. అతుకు కనబడితే పూశాను, అతుకులా కనబడితే పూశాను. ఒకచోట ఇంజను తయారైనప్పుడే ఉన్న గీతకి కూడా పూశాను. ఎండాక బండి స్టార్టు చేసి, కింద పాత న్యూస్‌పేపరు పరిచి, పక్కనే స్టూలు వేసుకుని పావుగంట కూర్చున్నాను. చుక్క లేదు! పేపరు తీసుకెళ్లి విజయకి చూపించాను.

"ఏం కనబడుతోంది?"

"పెళ్లి సంబంధాల ప్రకటనలు."

"ఆయిలు కనబడుతోందా?"

"లేదు."

"సాంబ లేకుండా!" అన్నాను. ఆ మాట అంటూ బనీనుమీదే ఛాతీ విరిచాను కూడా.

ఆదివారం పొద్దున ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా తొడుక్కుని కల్లానికి వెళ్లాను. ఒక పక్క బస్తాలు పేర్చి ఉన్నాయి. రెండో పక్క పట్టాలమీద ఇంకా ఎండాల్సిన కాయ ఎర్రగా పరిచి ఉంది. మధ్యలో బండి పట్టేంత దారి. మామగారు, అత్తగారు, విజయ, తాలు ఏరే ఆడవాళ్లు ఉన్నారు. సాంబ తన తెల్ల వ్యానుని రోడ్డుమీదే ఆపి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. భుజాన ఆ జరీ కండువా.

"కారడం తగ్గిందా?" అని అడిగారు మామగారు.

"మావయ్యా, ఇప్పుడు ఆ బండి కింద పరుపేసుకుని పడుకోవచ్చు."

"సాంబ చేశాడా?"

"నేనే చేశాను" అన్నాను, సాంబకి వినబడేట్టు.

వాడు మెచ్చుకోలుగా తలూపాడు. అది కూడా నచ్చలేదు నాకు. కాస్త కుళ్లుకుంటే వాడి సొమ్మేం పోయింది?

బండి రివర్సులో కల్లంలోకి పోనిచ్చాను. అడ్డంగా చిన్న గట్టుంది. వెనక చక్రాలు ఎక్కలేదు. అందరూ చూస్తున్నారు కదా అని గట్టిగా రైజ్ చేశాను. ఇంజను అరిచింది. ఇంకా తొక్కాను. బండి ఒక్క ఊపున గట్టెక్కి లోపలికొచ్చింది, సరిగ్గా అప్పుడే నా సీటు కింద "ఠప్!" మంది.

ఆయిలు ఎంతుందో చూసుకునే గేజీ పుల్ల దాని గొట్టంలోంచి ఎగిరి సీటు అడుగున తగిలిన చప్పుడది. ఆ వెనకే వేడి ఆయిలు బుస్సుమని చిమ్మింది. నిన్న పూసిన పేస్టు పట్టీలు పట్టీలుగా ఊడింది. నా చొక్కా వీపు నల్లబడింది. నేను కెవ్వున కేకేసి కిందికి దూకాను. దూకి చూస్తే బండి కిందనుంచి ధారగా కారి, పక్కనున్న కాయమీదికి పాకుతోంది.

మామగారు పరుగెత్తుకొచ్చి పట్టా అంచు పైకెత్తి పట్టుకున్నారు. అందువల్ల పంట దక్కింది. అయినా గంపెడు కాయ నల్లగా మెరుస్తోంది. ఆయన గొంతుక్కూర్చుని ఆయిలంటిన కాయల్ని ఒక్కొక్కటే ఏరుతున్నారు. తిట్టి ఉంటే బాగుండేది. అంతవరకూ నా పోటీ సాంబతోనే అనుకున్నాను. ఆయన వేళ్లు చూశాక సిగ్గేసింది.

తాలు ఏరే ఆడవాళ్లలో ఒకావిడ ఆ గంప ఎత్తి అత్తగార్ని అడిగింది. "అమ్మా, ఇయ్యి తాలులో పొయ్యమంటారా, మంచికాయలో పొయ్యమంటారా?"

"రెంటిలోనూ వద్దు" అన్నారు అత్తగారు.

"అయితే పెద్దల్లుడిగారి కాయలని వేరే కుప్ప పోస్తాం" అంది ఆవిడ. కల్లమంతా నవ్వింది.

సాంబ వచ్చి సీటు పైకెత్తాడు. ఇంజను నిండా వేలాడుతున్న పేస్టు చూశాడు. ఆయిలు పోసే మూత కొద్దిగా తిప్పాడు. లోపల్నుంచి కుక్కరు విజిలులా "స్స్‌" మంది.

"అన్నయ్యా, ప్యాకింగులన్నీ బాగున్నాయి. దీనికి ఊపిరాడట్లేదు. లోపల పుట్టే పొగ పోవటానికి గొట్టం ఉంటది కదా, అది మూసుకుపోయి ఆయిల్ని ఎటుపడితే అటు తోస్తోంది. ఎలకలేమన్నా గూడు కట్టినయ్యేమో చూద్దాం" అంటూ చెయ్యి లోపలికి దూర్చాడు.

అప్పుడు, సరిగ్గా అప్పుడు, నాకు గుర్తొచ్చింది. 

"వద్దు సాంబా! అది నేను చూసుకుంటాలే!"

"ఉండన్నయ్యా, దొరికింది. ఏదో గుడ్డ కట్టి ఉంది. కింద ప్లాస్టిక్ కవరు కూడా చుట్టారు. అబ్బ, ఏం ముడేశారండీ, మూడు ముళ్లు!"

సమయం వచ్చింది కాబట్టి చెబుతున్నాను. పాలు పొంగించిన మర్నాడు యార్డులో ఉన్నాను. మిరప ఘాటుకి అక్కడ అందరూ ముక్కుకి గుడ్డ కట్టుకుంటారు. సీటు కింద ఏదో చూస్తుంటే, ఇంజనుకి ఒక గొట్టం ముక్కులా నోరు తెరుచుకుని కనబడింది. దాని చుట్టూ అంతా మిరప దుమ్ము. పాపం, మనిషికి ఇంత ఘాటైతే ఇంజనుకి ఎంత ఘాటు అనుకున్నాను. చేతికి అందిన గుడ్డ ఆ తువ్వాలే. కండువా కాని తువ్వాలు. కసిగా సగానికి చించి, దుమ్ము దూరకుండా కవరు చుట్టి, ముక్కు బిగించి కట్టేశాను. ఊపిరి తీసే ముక్కు అనుకున్నాను గానీ వదిలే ముక్కు అని నాకేం తెలుసు? ఆ తర్వాత ఆ సంగతే మర్చిపోయాను. వెనక మూల మసిబారి నల్లగా ఉండటంతో ఇంజను తోమినప్పుడు కూడా అది కంటపడలేదు.

సాంబ దాన్ని బయటికి లాగాడు. బొగ్గులా నల్లగా ఉంది. కానీ ఒక మూల మాత్రం ముడి లోపల దాగి శుభ్రంగా ఉండిపోయింది. పిస్తా రంగు. మామిడిపిందె.

అత్తగారు దగ్గరికొచ్చి ఆ మూలని వేళ్లతో పట్టుకున్నారు.

"ఇది నేను కుట్టిన పిందె కదూ?"

 నేను నా చెప్పులు చూసుకుంటున్నాను.

"అయ్యో అల్లుడుగారూ" అన్నారు ఆవిడ, కోపంగా కూడా కాదు. "యార్డులో ఆ ఘాటుకి మీరు రోజూ తుమ్మి తుమ్మి ముక్కు పుండు చేసుకుంటున్నారని విజయ చెబితే, మూడు కొట్లు తిరిగి మెత్తటిది ఏరి తెచ్చాను. ముక్కుకి కట్టుకోవటానికి. గుర్తుంటుందని పిందె కుట్టాను. సాంబకి తేవటానికి టైము లేక, మాకు ఎవరో పెట్టిన కండువా ఉంటే అదే పెట్టాను."

సాంబ భుజంమీద కండువా వైపు చూసుకున్నాడు. ఆ క్షణంలో వాడి మొహంలో కనబడింది, అచ్చం నా మొహంలో ఉండే కుళ్లు! ఎన్నాళ్లనుంచో చూడాలనుకున్నది. కానీ సంతోషించే స్థితిలో లేను.

"మీ ముక్కుకి కట్టుకోమని ఇస్తే" అంది విజయ, నవ్వాపుకోలేక నోటికి కొంగు అడ్డం పెట్టుకుని, "ఇంజను ముక్కుకి కట్టారా?"

మామగారు ఏరుతున్న కాయలు వదిలేసి నేలమీద చతికిలబడి నవ్వారు. ఆయన నవ్వాక ఇక అందరూ నవ్వారు.

మొదటి లోడు సాంబ తెల్ల వ్యానులోనే వెళ్లింది. పసుపూ బొట్టూ నిమ్మకాయలూ దానికే. సాంబ మాత్రం తాళాలు తెచ్చి నా చేతిలో పెట్టాడు. "ఆనవాయితీ నీది అన్నయ్యా, నువ్వే తోలు. నేను పక్కన కూర్చుంటా." ఎంత మంచివాడో చూడండి! ఆ మంచితనం కూడా భరించడం కష్టంగానే ఉంది. నల్లబడ్డ చొక్కాతోనే హారన్ కొట్టుకుంటూ ఊరి మధ్యనుంచి వెళ్లాను.

మరుసటి వారం అత్తగారు పిలిచి నా చేతిలో రెండు తువ్వాళ్లు పెట్టారు. "ఇది మీకు" అన్నారు. రెండోది చూపించి, "ఇది మీ బండికి. తుడవటానికి మాత్రమే."

అందుచేత కల్లంలో కాయల సాక్షిగా, గేజీ పుల్లమీద చెయ్యి పెట్టి ఒట్టేసి చెబుతున్నాను. ఇకమీదట ఏ గొట్టానికీ గుడ్డ కట్టను. బండి చుక్క కారిస్తే చాలు, పౌడరు జోలికి పోకుండా నేరుగా సాంబ షెడ్డుకి తోలతాను. అత్తగారు ఏం పెట్టినా కళ్లకద్దుకుంటాను. తోడల్లుడికి ఏం పెట్టారో పక్కకి తిరిగి కూడా చూడను.

అన్నట్టు, నాకు తువ్వాళ్లిచ్చిన రోజే అత్తగారు సాంబకి కూడా ఒక తువ్వాలు పెట్టారు. వాడు కాళ్లు కడుక్కోవడానికి వెళ్లినప్పుడు రెండూ పక్కపక్కన పెట్టి నాలుగుసార్లు తడిమి చూశాను. నాదే మెత్తగా ఉంది.